చంద్రగిరిలో తెల్లవాళ్ళు ఎక్కడ దిగారు?

స్పెయిన్ రాజుకీ మా పూతలపట్టుకీ సంబంధం ఉందంటే, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడని నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు ఉంది చూశారూ, దాని మీదే చంద్రగిరి వస్తుంది. ఆ చంద్రగిరికి 1598లో మైలాపూరు నుంచి జెస్యూట్ సాధువులు వచ్చారు. వాళ్ళు పోర్చుగీసు పంచన ఉన్నవాళ్ళు. అప్పట్లో పోర్చుగల్‌కి వేరే రాజు లేడు. 1580 నుంచి 1640 దాకా స్పెయిన్ రాజే పోర్చుగల్‌కీ రాజు. 1598లోనే గద్దెనెక్కిన మూడో ఫిలిప్, చంద్రగిరి నుంచి ఏలుతున్న మన వెంకటపతిరాయలకి ఉత్తరాలు కూడా రాశాడు. అదే ఫిలిప్ మనుషులు అదే కాలంలో అటు అమెరికాలోని ఫ్లోరిడాలో కోట కట్టుకుని కూర్చున్నారు.

అంటే ఒకే రాజుగారి మనుషులు భూగోళానికి ఆ వైపూ ఈ వైపూ, తమను ఎన్నడూ చూడని జనం మధ్యకి వెళ్ళి దిగారు. ఆ వైపు ఎక్కడ దిగారో అంగుళం అంగుళం వెతుకుతున్నారు. మరి ఈ వైపు? ఈ టపా దాని గురించే.

ముందు ఆ వైపు సంగతి చూద్దాం.

1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దళపతి పెద్ద దండుతో ఫ్లోరిడాలో దిగాడు. ఆ చలికాలం అనైకా అనే స్థానిక తెగల ఊళ్ళో మకాం వేశాడని రాతల్లో ఉంది. ఊరి పేరు తెలుసు, సంవత్సరం తెలుసు, ఎక్కడుందో మాత్రం తెలీదు. నాలుగు వందల ఏళ్ళు గడిచాయి. 1987లో టాలహాసీ నగరంలో ఆఫీసు భవనాల కోసం నేల చదును చేస్తుంటే, కాల్విన్ జోన్స్ అనే పురావస్తు ఉద్యోగి అక్కడ తవ్వి చూశాడు. ఇనుప కవచం తాలూకు చిన్న చిన్న కడియాలు, గాజు పూసలు, రాగి నాణేలు, ఆలివ్ నూనె జాడీల పెంకులు, ఓ పంది దవడ ఎముక దొరికాయి. ఆ ఖండంలో పందుల్లేవు, యూరప్ వాళ్ళే తోలుకొచ్చారు. డి సోటో దండుతో పందుల మంద నడిచిందని రాతల్లో ఉంది. అలా పంది దవడ కూడా సాక్ష్యానికి పనికొచ్చింది.

ఇంకోటి. 1559 ఆగస్టులో ట్రిస్టాన్ డి లూనా అనే ఆయన 11 ఓడల్లో దాదాపు 1,500 మందితో పెన్సకోలా అఖాతంలో దిగాడు. నెల తిరిగేసరికి తుపాను వచ్చి ఓడల్లో ఎక్కువ భాగం మునిగిపోయాయి. రెండేళ్ళకి అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. మునిగిన ఓడల్లో మొదటిది 1992లో బయటపడింది. కానీ ఊరు దొరకలేదు. 2015లో ఓ ఇల్లు పడగొట్టి చదును చేసిన జాగాలో, చరిత్ర మీద మోజున్న ఓ స్థానికుడు నేల మీద పెంకులు చూసి గుర్తుపట్టి, అక్కడి విశ్వవిద్యాలయానికి చేరవేశాడు. అదే లూనా ఊరు! మామూలు ఇళ్ళ పెరళ్ళ కింద, పచ్చగడ్డి కింద, నాలుగున్నర శతాబ్దాలు అలాగే ఉంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం మూడోది. నార్త్ కరోలినాలో జొఆరా అని స్థానికుల పెద్ద ఊరు ఉండేది. 1567లో హువాన్ పార్డో అనే స్పెయిన్ కెప్టెన్ అక్కడ సాన్ హువాన్ అనే కోట కట్టి, 30 మంది సైనికుల్ని వదిలి వెళ్ళాడు. 1568లో స్థానికులు ఆ కోటనీ, పార్డో కట్టిన మిగతా ఐదు కోటల్నీ తగలబెట్టేశారు. 1986లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి, 2013లో కోట చుట్టూ తవ్విన కందకం బయటపడింది. కాలిపోయిన ఐదు ఇళ్ళ అవశేషాలూ దొరికాయి. ఆ ఇళ్ళలో ఏం దొరికిందంటే, ఎక్కువ భాగం స్థానికుల కుండలే, స్థానికుల తిండే. అంటే ఆ సైనికులకి అన్నం పెట్టింది ఆ ఊరి ఆడవాళ్ళు. వాళ్ళు వండి పెట్టినన్నాళ్ళే ఆ కోట నిలబడింది. ఆ మర్యాద చెడిన రోజున కోట లేదు.

ఈ సంగతి స్పెయిన్ వాళ్ళ కాగితాల్లో ఇంత తేటగా కనపడదు. కాగితం రాసేవాడు తన దొరకి తన గొప్పే రాస్తాడు కదా. ఎవరు వండారో, ఏ కుండలో వండారో, ఎవరి గాదె నుంచి గింజలొచ్చాయో వాడికి అనవసరం. అది చెప్పింది నేల. కాబట్టి అమెరికాలో స్పెయిన్ వాళ్ళ ఊళ్ళు వెతకడం అంటే స్పెయిన్ వాళ్ళని వెతకడం మాత్రమే కాదు. రాతలో చోటు దక్కని రెండో పక్షాన్ని వెతకడం.

మా వృత్తిలో దీనికి సరిపోయే మాట ఒకటుంది. రెండు సిస్టమ్‌లు మాట్లాడుకుంటున్నప్పుడు ఏదో తేడా వస్తే, రెండు వైపులా లాగ్‌లు తీసి పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒక వైపు లాగే ఉంటే, తప్పెప్పుడూ అవతలివాడిదే అని తేలుతుంది! లాగ్‌లో లేనంత మాత్రాన ఆ పని జరగలేదని కాదు. ఆ లాగ్ రాసినవాడికి అది ముఖ్యం అనిపించలేదు, అంతే.

సరే, ఇప్పుడు ఈ వైపు వద్దాం.

వెంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా ఏలాడు. పెనుగొండ నుంచి రాజధాని చంద్రగిరికి, ఆ తర్వాత వేలూరుకి మారింది. తిరుమల గుళ్ళో ఈయన రాగి విగ్రహం ఇప్పటికీ ఉంది. కృష్ణరాయల విగ్రహం చూసే తొందరలో చాలామంది ఈయన్ని దాటేసి క్యూలో ముందుకి పోతుంటారు. అంతటి వైష్ణవ భక్తుడు, జెస్యూట్లకి చర్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. కొలువులో వాళ్ళతో వాదాలు పెట్టించుకుని విన్నాడు. వాళ్ళలో బొమ్మలు వేసేవాళ్ళుంటే తన దగ్గర ఉంచుకుని బొమ్మలు వేయించుకున్నాడు. గణితం, ఖగోళం తెలిసిన ఆంటోనియో రుబినో అనే ఇటలీ సాధువు ఇక్కడుండి ఉత్తరాలు రాశాడు. పన్నెండు పదమూడేళ్ళ పాటు ఈ రాకపోకలు నడిచి, 1611కల్లా ఆగిపోయాయి.

ఇదంతా మనకెలా తెలిసింది? వాళ్ళ ఉత్తరాల వల్ల. పిమెంటా అనే జెస్యూట్ అధికారి పంపిన నివేదికలు ఆ రోజుల్లోనే యూరప్‌లో అచ్చయ్యాయి. మూడు వందల ఏళ్ళ తర్వాత, బార్సిలోనాలో పుట్టి బొంబాయిలో స్థిరపడ్డ హెన్రీ హెరాస్ అనే మరో జెస్యూట్, ఆ ఉత్తరాలూ మన శాసనాలూ కలిపి చదివి 1927లో ఆరవీడు వంశం మీద పెద్ద పుస్తకం రాశాడు. చంద్రగిరి రాజుల చరిత్రకి ఈ రోజుకీ ఆ పుస్తకం దగ్గరికి పోవాల్సిందే. మన చంద్రగిరి కథ చెప్పడానికి ఓ స్పెయిన్ దేశస్థుడు కావాల్సొచ్చింది! అది ఆయన గొప్ప. మన సంగతి మనమే చూసుకోవాలి.

ఇప్పుడు చంద్రగిరికి వెళ్తే ఏం చూస్తాం? రాజమహల్, రాణీమహల్, మ్యూజియం, కోటగోడ, కొండ. బాగుంటాయి, కాదనను. కానీ రాజధాని అంటే రెండు మహళ్ళా? ఏనుగుల్ని ఎక్కడ కట్టేశారు, గుర్రాలకి దాణా ఎక్కడ దింపారు, కమ్మరులూ కంసాలులూ ఏ వీధిలో ఉన్నారు, చాకళ్ళు ఏ చెరువులో ఉతికారు? జెస్యూట్లు దిగిన ఇల్లు, కట్టుకున్న చర్చి ఏ పక్కన? వాళ్ళ పూజకి ద్రాక్షసారా కావాలి, గోధుమ రొట్టె కావాలి. సారా ఓడలో మైలాపూరుకొచ్చి, అక్కడి నుంచి ఎద్దు మీదో మనిషి నెత్తి మీదో చంద్రగిరికి రావాలి. ఆ జాడీ పగిలితే పెంకు ఇక్కడే పడుతుంది. జపమాల తెగితే పూస ఇక్కడే దొర్లుతుంది. వాళ్ళకి వండిపెట్టిన మనిషి కుండా ఇక్కడే పగిలి ఉంటుంది. పింగాణీ పెంకు పక్కన మన నల్ల కుండ పెంకు ఏ పాళ్ళలో దొరికిందో లెక్కేస్తే, జొఆరాలో తేలినట్టే ఇక్కడా ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో తేలుతుంది.

అదే రోడ్డు పట్టుకుని తిరుపతి, రేణిగుంట, కాళహస్తి దాటి నాయుడుపేట చేరి, అక్కడి నుంచి సముద్రం వైపు పోదాం. దుగరాజపట్నం వస్తుంది. 1626లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టారు. వాళ్ళ పుస్తకాల్లో ఈ ఊరి పేరు ఆర్మగాన్. సాయం చేసిన ఆర్ముగ మొదలియార్ పేరే అలా మారిందని చెబుతారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్ళు గోడ కట్టి ఫిరంగులు పెట్టుకున్న మొదటి చోటు ఇదే. కలకత్తా కాదు, బొంబాయి కాదు, మద్రాసు కూడా కాదు. ఇక్కడ ముఖ్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే, బట్ట చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఓ ఇసుక తిన్నె పట్టా పొందాడు. అదే చెన్నపట్నం. 1640లో సామాను, మనుషులు అటు తరలిపోయారు. ఆర్మగాన్ ఖాళీ అయింది. ఒక మహానగరానికి తల్లివేరు ఇక్కడుంది. తెలుగువాళ్ళలో ఎంతమందికి ఆ ఊరి పేరు తెలుసు?

ఇంకొంచెం దక్షిణంగా, ప్రళయకావేరి, అదే పులికాట్ సరస్సు ఒడ్డున, డచ్చివాళ్ళు 1610లో వెంకటపతిరాయల అనుమతితో వ్యాపారం పెట్టి 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అక్కడి డచ్చి సమాధులు, వాటి మీద చెక్కిన ఎముకల గూళ్ళు ఇప్పటికీ చూడొచ్చు. కోట ముళ్ళచెట్ల పాలయింది. చచ్చినవాళ్ళ ఇళ్ళు మిగిలాయి, బతికినవాళ్ళ ఇళ్ళు పోయాయి.

ఈ మూడు ఊళ్ళనీ ఒకే తాడు కలుపుతుంది. రేవులో దిగడానికి అనుమతి కావాలంటే రాజు దగ్గరికి నడవాలి. రాజుకి గుర్రాలూ తుపాకులూ వెండీ కావాలంటే రేవు వైపు చూడాలి. వెండి అంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మన తీరంలో బట్ట కొనడానికి తెల్లవాళ్ళు ఎక్కువగా తెచ్చింది స్పెయిన్ రియాళ్ళు. ఆ వెండిలో పెద్ద పాలు ఇప్పటి బొలీవియాలోని పొటోసీ కొండదీ, మెక్సికో గనులదీ. పొటోసీ గనుల్లో స్థానిక తెగలవాళ్ళని వంతులేసి బలవంతాన దించి తవ్వించారు. అక్కడి మనిషి చెమట, ఇక్కడి సాలెవాడి చెమట, ఒకే నాణెం రెండు మొహాలు. ఆ రియాళ్ళు మన టంకసాలల్లో కరిగి మన నాణేలయ్యాయి కాబట్టి తవ్వితే రియాళ్ళుగా ఎక్కువ దొరక్కపోవచ్చు. కరిగిపోయిన సాక్ష్యం అన్నమాట.

కరగని సాక్ష్యం ఒకటుంది, అది మన వంటింట్లోనే. మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ, చెనిక్కాయ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలం, ముంతమామిడి, పొగాకు... ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలు. 1492 తర్వాత ఓడలెక్కి వచ్చినవే. మా వైపు చెనిక్కాయ లేకుండా మెట్టసేద్యం ఊహించండి. టమోటా లేకుండా మదనపల్లె మార్కెట్ ఊహించండి. మిరపకాయ లేకుండా ఊరిబిండి ఊహించండి! కొలంబస్ ముందు రాయలసీమలో కారం అంటే మిరియాలే. మరి మొదటి మిరపకాయ ఏ ఏట ఏ ఊళ్ళోకి వచ్చింది? దీనికి ఏ రాజు ఉత్తరమూ జవాబు చెప్పదు. పాత పొయ్యి దగ్గరి బూడిదమట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడిన గింజల్ని జల్లెడ పట్టి చూసే పద్ధతి పురావస్తు శాస్త్రంలో ఉంది. చంద్రగిరిలో ఓ వంటింటి మూల, కాలం తెలిసిన పొరలో, ఒక్క మాడిన మిరపగింజ దొరికితే చాలు. మన తిండి చరిత్రలో ఓ పేజీ నిండుతుంది.

ఇలాంటిది మన దక్షిణాదిలో జరగలేదని కాదు. పాండిచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వి, రోము దేశపు పాత్రల్ని పట్టుకుని దాన్ని రోము వ్యాపార కేంద్రంగా ప్రపంచానికి చూపించాడు. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వి, రోము సరుకు రాకముందే అక్కడ స్థానికుల ఊరుందని చూపించింది. నేల అదే, పెంకులూ ఇంచుమించు అవే. అడిగిన ప్రశ్న మారింది, జవాబు మారింది. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. హంపీ చుట్టుపక్కల కార్లా సినోపోలీ, కాథ్లీన్ మారిసన్ల బృందం ఏళ్ళ తరబడి కాలినడకన తిరిగి, ఎక్కడేముందో పటాల మీదకెక్కించింది. గమనించండి, తవ్వడం కాదు, నడవడం. పలుగూ పారా కన్నా ముందు కావలసింది చెప్పులు.

దుగరాజపట్నం లాంటి చోట నడిచేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. 17వ శతాబ్దపు ఇంగ్లీషు, డచ్చి వాళ్ళు పొగ తాగే తెల్లమట్టి గొట్టాలు చటుక్కున విరిగేవి, విరిగితే పారేసేవాళ్ళు. కాలం గడిచేకొద్దీ ఆ గొట్టాల లోపలి రంధ్రం సన్నబడుతూ వచ్చింది. 1954లో హారింగ్టన్ అనే అమెరికా పురావస్తు పరిశోధకుడు ఈ రంధ్రాల్ని కొలిచి కాలం అంచనా వేసే పద్ధతి చెప్పాడు. అంటే ఆ కాలపు విరిగిన చుట్టముక్క తేదీ వేసిన చీటీ లాంటిది. బలపం ముక్క అనుకుని పిల్లలు విసిరేసేది అదే కావచ్చు.

ఇక్కడే నా అసలు బెంగ. మన పల్లెల్లో పాటిదిబ్బలు తెలుసు కదా? పాత ఊరు పాడుపడ్డ దిబ్బ. ఆ పాటిమన్ను పొలానికి మంచి ఎరువని రైతులు బండ్లకెత్తి తోలుకునేవాళ్ళు. బండి పోయి ట్రాక్టరొచ్చింది, ట్రాక్టరు పోయి జేసీబీ వచ్చింది. బండి ఏడాదికి మోసేది జేసీబీ పూటలో మోస్తుంది. రైతుని అనడం లేదు, అది మన్ను అని వాడికి చెప్పిందీ, చరిత్ర అని చెప్పందీ మనమే. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే కట్టకి మన్ను కావాలి, లేఅవుటుకి చదును కావాలి. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నానికి పెద్ద రేవు కడతామని రాశారు, 2018కల్లా మొదటి దశ అన్నారు, అది అవ్వలేదు. రేపు రేవో ఓడల కర్మాగారమో వస్తే మంచిదే, మన పిల్లలకి ఉద్యోగాలొస్తాయి. కానీ పునాది తవ్వకముందు ఓ ఆరు నెలలు ఆ నేల మీద తెలిసినవాళ్ళని నడిపిస్తే ఏం పోయింది? అమెరికాలో 1966 చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ ప్రాజెక్టు ఏదైనా మొదలెట్టే ముందు అక్కడి చారిత్రక అవశేషాల మీద దాని ప్రభావం చూసుకోవాలి. మన 1958 చట్టం, దాని 2010 సవరణ, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కట్టొద్దంటాయి. గుర్తించిన కట్టడానికి రక్షణ సరే, గుర్తించని దిబ్బకి?

ఇంకో భయం కూడా ఉంది. పొలంలో ఏదైనా దొరికితే జనం చెప్పరు. నిక్షేపాల మీద 1878 నాటి చట్టం ఒకటుంది, చెబితే పోలీసులొస్తారు, పొలం పోతుందని దాచేస్తారు, లేదా కంసాలి దగ్గర కరిగిస్తారు. రెండో రకం వాళ్ళు రాత్రిళ్ళు గుప్తనిధుల కోసం గుళ్ళు తవ్వేవాళ్ళు. మన దగ్గర తవ్వకం అంటే బంగారమే గుర్తొస్తుంది. పంది దవడ కోసం తవ్వుతారంటే పిచ్చివాళ్ళనుకుంటారు.

"తెల్లవాడు ఎక్కడ పడుకున్నాడో మనకెందుకు? వాడు వచ్చాకే కదా అన్నీ పోయాయి" అనేవాళ్ళూ ఉంటారు. నిజమే, న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో స్థానిక తెగలవాళ్ళు ఇంతకన్నా గట్టిగా అడిగారు, మా పూర్వీకుల ఎముకలు మీ మ్యూజియం అరల్లో ఎందుకన్నారు. 1990లో వాళ్ళ ఎముకలు వాళ్ళకి తిరిగివ్వాలని చట్టం వచ్చింది. ఇప్పుడు తవ్వకాల్లో ఆ తెగలకీ మాట ఉంటోంది. నా జవాబు కూడా అదే. తెల్లవాడి కోసం వెతకొద్దు. వాడి సంగతి వాడే రాసుకున్నాడు, అచ్చేసుకున్నాడు, జాగ్రత్తగా దాచుకున్నాడు. వాడికి దారి చూపిన బోయ, మాట మార్చి చెప్పిన దుబాసీ, బట్ట నేసిన సాలె, పడవ నడిపిన పట్టపోడు, వండిపెట్టిన ఆడమనిషి, వీళ్ళ కోసం వెతకండి. శాసనాల్లో దానమిచ్చినవాళ్ళ పేర్లుంటాయి, ఉత్తరాల్లో రాజులూ మంత్రులూ ఉంటారు, మెకంజీ కైఫియత్తుల్లో కరణాలు చెప్పిన కథలుంటాయి. ఈ మనుషులకి మాత్రం మన్ను తప్ప వేరే దస్తావేజు లేదు. ఆ మన్నే ఇప్పుడు టిప్పర్లలో పోతోంది.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోకుండా మనం చెయ్యగలిగినవి కొన్నున్నాయి. మీ ఊరి దిబ్బలకి, గుంటలకి, చేలకి పెద్దవాళ్ళు చెప్పే పేర్లు రాసి పెట్టండి. పరంగోళ్ళ గుంట, దొరల తోట లాంటి పేరేదైనా వినపడితే దాని సర్వే నంబరుతో సహా రాయండి. నేల మీద పింగాణీ పెంకో, తెల్ల గొట్టమో కనిపిస్తే జేబులో వేసుకోకుండా, పక్కన ఓ రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసి, ఎక్కడో గుర్తు పెట్టి, పురావస్తు శాఖకో దగ్గర్లోని విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో పంపండి. తవ్వొద్దు, దయచేసి తవ్వొద్దు. పెంకు విలువ అది పడి ఉన్న చోటులోనే ఉంది, చోటు మారిస్తే అది ఉత్త పెంకే.

పెన్సకోలాలో లూనా ఊరు దొరికింది నేల చూస్తూ నడిచిన ఓ స్థానికుడి వల్ల. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు మీద అలా నేల చూసి నడిచేవాళ్ళు నలుగురుంటే మనకీ చాలు. కాకపోతే జేసీబీ కన్నా ముందు నడవాలి.